కాల్చకూడని పిట్ట

గురువారం పొద్దున ఆరున్నరకు లూర్దమ్మ మరుగుతున్న చాయ్ లోంచి గరిటెతో రెండు చుక్కలు తీసి కోడలి అరచేతిలో వేసింది.

"చక్కెర చూడమ్మే."

"సరిపోయింది అత్తా."

"సరిగ్గా చూడు. నోట్లో ఏసుకోగానే మింగితే ఏం తెలుస్తది?"

సువార్త మళ్ళీ చూసింది. చక్కెర సరిపోయింది. నిన్న సరిపోయింది, మొన్నా సరిపోయింది. ఈ అరబ్బు దేశానికి, ఉమ్ సలాల్ లోని ఈ తోట బంగళాకు తను వచ్చి పదకొండు నెలలైంది. ఈ పదకొండు నెలలూ వండటం అత్త పని, చూడటం తన పని. ఉప్పు చూడు, పులుపు చూడు, మాడు వాసన వస్తోందేమో చూడు. పొయ్యి మీది పెద్ద గిన్నెలో ఒక్కనాడు గరిటె పెట్టనిచ్చింది లేదు. ఎక్కాలు అప్పజెప్పించుకునే పంతులు కూడా వారానికి ఒకరోజు సెలవిస్తాడు, లూర్దమ్మ అదీ ఇవ్వలేదు.

లూర్దమ్మది గిద్దలూరు దగ్గర పల్లె. ఈ ఇంటికి వంటమనిషిగా వచ్చి పద్ధెనిమిదేళ్ళు. ఇంటి మేడమ్‌తో ఒక్క మాట చెప్పి కోడలికి వీసా తెప్పించింది. కొడుకు ప్రభుదాసు ఏసీ మెకానిక్. వెస్ట్ బే టవర్లలో డ్యూటీ, కంపెనీ క్యాంప్‌లో పడక. శుక్రవారం సాయంత్రం మాత్రం వచ్చి తల్లినీ పెళ్ళాన్నీ చూసి పోతాడు.

చాయ్ పళ్ళెం లోపలికి పోగానే సువార్త పెరట్లోకి వెళ్ళి మొగుడికి ఫోన్ చేసింది.

"రేపు నువ్వు రాగానే మేడమ్‌తో మాట్లాడు. మదీనత్ ఖలీఫాలో హైదరాబాదోళ్ళు వంటమనిషి కోసం చూస్తున్నారంట. నేను అక్కడికి మారిపోతా."

"అమ్మ ఏమన్నా అన్నదా?"

"ఏమీ అనదు. నమ్మదు, అంతే. నాకూ చేతులున్నాయి, పదకొండు నెలల నించి నాలుకతోనే పని చేస్తన్నా."

ప్రభుదాసు తల్లి పక్షమూ కాదు, పెళ్ళాం పక్షమూ కాదు. సిగ్నల్ సరిగ్గా లేదన్నాడు.

పది గంటలకు పెద్ద కారు గేట్లోకి వచ్చింది. డ్రైవర్ దస్తగిరి దిగీ దిగగానే వంటింటి వైపు పరుగెత్తుకొచ్చాడు. ఆయనది నందికొట్కూరు దగ్గర. మామూలుగా ఆయన్ని పరుగెత్తించాలంటే నిప్పు కావాలి.

"లూర్దమ్మక్కా, సూడు ఏం తెచ్చినామో. పెద్దబాబా డేగ కొట్టింది. బాబా కళ్ళ ముందరే."

పెద్దబాబా అంటే ఆ ఇంటి యజమాని, మేడమ్ భర్త. పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు మంచం మీదున్నాడు. ఈ చలికాలం కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాడు. డేగల్ని సాకే కామ్రాన్ ఇవాళ ఆయన్ని తెల్లవారక ముందే ఎడారికి తీసుకుపోయాడు. డేగకూ వయసైంది. అది ఎగరదనే అందరూ అనుకున్నారు.

దస్తగిరి గుడ్డ విప్పాడు. అందులో ఇసుక రంగు పిట్ట, కోడిపుంజు కన్నా పెద్దది, మెడకు రెండు వైపులా నల్లటి కుచ్చు. హుబారా. అరబ్బులు డేగల్ని పెంచేదే ఈ పిట్ట కోసం.

"మా రోళ్ళపాడు కాడ బట్టమేక పిట్ట ఉంటాది సూడు, దానికి చెల్లెలి మాదిరి ఉండాది. మా కాడ దాన్ని ముట్టుకుంటే జైలే. ఈడ వేటకు సర్కారే చీటీ ఇస్తాది. ఇది యాడనించో మంచు దేశాల నించి వచ్చిందంట, కామ్రాన్ చెప్పినాడు. ఇన్ని సముద్రాలు దాటి వచ్చి మన బాబా ముందర వాలింది." గొంతు తగ్గించాడు. "బాబా ఏడ్చినాడక్కా. మూతి వంకర పోయినప్పుడు కూడా ఏడ్వలేదు ఆ మనిషి."

రేపు జుమ్మా నమాజు తరువాత బాబా అన్నదమ్ములు ముగ్గురూ భోజనానికి వస్తారు. పళ్ళెం నడిమధ్య అన్నం మీద ఈ పిట్ట ఉండాలి. ఇక వేటకు పనికిరాడని అనుకున్న అన్నదమ్ముల ముందు ఆయన దీన్ని తినాలి. సంగతి అది.

ఆ పిట్టను లూర్దమ్మ రెండు చేతులతో అందుకుంది. ఇంతలో మేడమ్ పిలిచింది, బాబా కాలికి నూనె రాయాలని.

"చన్నీళ్ళలో పెట్టు," అంది కోడలితో. "నేనొచ్చిందాకా కత్తి పెట్టమాక."

మళ్ళీ అదే మాట. సువార్తకు చెవులు వేడెక్కాయి. పుట్టింట్లో నాటుకోడి కొయ్యాలంటే ఊరంతా తననే పిలిచేవాళ్ళు. ఈకలు పీకి, పసుపు రాసి, మంట మీద తిప్పి తిప్పి కాల్చి, తోలు బంగారు రంగుకు వచ్చాక కడిగితే ఆ కూర రుచే వేరు. పిట్ట అయినా కోడి అయినా రెక్కలున్నదే కదా. కత్తి పెట్టొద్దంది గానీ కాల్చొద్దనలేదు.

అరగంటలో ఈకలు పీకేసింది. పసుపు దట్టంగా పట్టించి గ్యాసు మంట మీద పెట్టింది. మొదట అంతా బాగానే ఉంది. తోలు బిగిసి మెరిసింది. తరువాత దాని కింది కొవ్వు కరిగి మంటలో చిటపటలాడటం మొదలైంది. అప్పుడు లేచింది వాసన. చేదు ఆకు కాల్చిన వాసన, ముక్కిన నూనె వాసన, పురుగుల మందు డబ్బా మూత తీసిన వాసన, మూడూ కలిసి. సువార్తకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంట ఆపి, చిన్న ముక్క కోసి పెనం మీద వేయించి నోట్లో పెట్టుకుంది. పరుగెత్తి తొట్టిలో ఉమ్మేసింది.

"ఏమమ్మా, టైరు కాలుస్తుండావా?" దస్తగిరి తువాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

ఆయన వెనకే లూర్దమ్మ వచ్చింది. బల్ల మీద పసుప్పచ్చగా మెరుస్తున్న పిట్టను చూసి అక్కడే ఆగిపోయింది.

"కాల్చినావా? కాల్చకూడదే దీన్ని. ఈకలతో సహా తోలు ఒలిచి పారెయ్యాలి. ఇది ఎడారిలో చేదు మొక్కలు, పురుగులు తినే పిట్ట, ఆ కంపంతా తోలు కింద కొవ్వులోనే ఉంటది. కాలిస్తే కరిగి కండలోకి దిగుద్ది." పిట్ట మీదికి వంగి, ముఖం దాదాపు ఆనించి అడిగింది. "వాసన పట్టిందా, సువార్తా? వస్తోందా ఏమన్నా?"

పొగ ఇంకా దీపం చుట్టూ తిరుగుతోంది. దస్తగిరి తువాలు తీయలేదు. సువార్త అత్త ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో వెక్కిరింపు లేదు, కోపం కూడా లేదు. నిజంగా అడుగుతోంది.

"అత్తా, నీకు తెలవడం లేదా?"

"జలుబు."

"ఎన్నాళ్ళ నించి?"

లూర్దమ్మ గుడ్డ తీసుకుని పొయ్యి గట్టు తుడవడం మొదలుపెట్టింది. దస్తగిరి మంచి మనిషి, కారు తుడవాలని గుర్తొచ్చి వెళ్ళిపోయాడు.

సువార్త వదలలేదు. "చక్కెర చూడు, ఉప్పు చూడు, మాడిందేమో చూడు అని పదకొండు నెలల నించి నా చేత చూపించింది ఇందుకా? నాకు పని రాదని పరీక్ష పెడతన్నావని రోజూ ఏడ్చుకున్నా. నీ కొడుక్కి చెప్పుకున్నా. వేరే ఇంటికి పోతానని ఈ పొద్దున్నే ఫోన్ చేశా. ఒక్క మాట చెప్తే పోయేదిగా."

"చెప్తే?" లూర్దమ్మ ఇటు తిరిగింది. "ముక్కు లేని వంటమనిషిని ఎవురు ఉంచుకుంటారమ్మే? పోయిన చలికాలం జ్వరం వచ్చి తగ్గింది. తగ్గినాక కాఫీపొడి డబ్బాలో ముఖం పెడితే మట్టి వాసన కూడా రాలా. ఉప్పు తప్ప నోటికి ఏదీ అందదు. ఆ ఉప్పు కూడా నమ్మకం లేదు. అందుకే నిన్ను తెప్పించా. నీ మొగుడి పక్కన ఉంటావని కాదు, నా కోసరం తెప్పించుకున్నా. పో, మేడమ్‌తో చెప్పుకో. నా బతుకు ఎట్టా ఉందో చెప్పు."

ఆవిడ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. పద్ధెనిమిదేళ్ళుగా ఆ వంటింట్లో ఒకరి ముందు కూడా తల దించని మనిషి. సువార్తకు కోపం ఇంకా చల్లారలేదు, కానీ దాన్ని ఎవరి మీద చూపాలో తెలియలేదు. చెడగొట్టింది తను. దాచిపెట్టింది అత్త. రేపు మధ్యాహ్నం పళ్ళెంలో ఏముండాలో ఇద్దరికీ తెలియదు.

"పారేసి టర్కీ కోడి తెప్పిద్దామా?" అంది చివరికి. "మసాలా దట్టిస్తే ఎవురికి తెలుస్తది?"

"బాబాకు తెలుస్తది." లూర్దమ్మ ముఖం తుడుచుకుంది. "పిట్ట ప్రాణం ఒకసారి పోయింది. పారేస్తే రెండోసారి చంపినట్టే. మా అమ్మ నల్లమల అంచున ఏ మాంసం వచ్చినా పారెయ్యలేదు. చెడ్డ మాంసం అంటూ లేదు, చెడగొట్టిన మాంసమే ఉంటది అనేది. కత్తి తే."

తరువాత జరిగింది సువార్త బతికినంత కాలం మరిచిపోలేదు.

లూర్దమ్మ తోలు ఒలిచింది. కాలి అతుక్కుపోయిన చోట కత్తి మొన దూర్చి, గోరు మందం కూడా కండ పోకుండా తీసింది. తరువాత ముక్కలు కోసి, కత్తి పక్కన పెట్టి కళ్ళు మూసుకుంది. వేళ్ళతో ముక్క ముక్కా తడిమింది. జారిన చోట ఆగింది. "ఇక్కడ కొవ్వుంది," అని గిల్లి తీసింది. కండల మధ్య తెల్లటి పొర ఉంటుంది, దాన్ని చివర పట్టుకుని ఒక్క లాగున లాగింది. కంటికి కనపడని కొవ్వు కూడా ఆ వేళ్ళకు దొరికింది. అరగంటకు గిన్నెలో గుప్పెడు పసుప్పచ్చటి చెత్త మిగిలింది. సువార్త దాన్ని వాసన చూసింది. కంపంతా అందులోనే ఉంది.

లూర్దమ్మ పిట్ట కందనకాయ కోసి చూపించింది. లోపల బూడిద రంగు ఆకులు, నల్లటి పెంకు పురుగులు, రెండు గులకరాళ్ళు.

"చూడు. ఇంత మేసింది. వాన పడని నేలలో ఇది ఎట్టా వెతుక్కుందో. మనం ఇక్కడికి కడుపు కోసం విమానమెక్కి వచ్చినాం, ఇది రెక్కల మీద వచ్చింది."

సువార్త ఆ రాళ్ళను చెత్తలో వెయ్యలేక కిటికీ గట్టు మీద పెట్టింది.

ముక్కల్ని ఉప్పు నీళ్ళలో, ఐసు గడ్డల మధ్య నానబెట్టారు. నీళ్ళు ఎర్రబడగానే పారబోసి కొత్త నీళ్ళు పోశారు. నాలుగోసారికి నీళ్ళు తేటగా నిలిచాయి. అప్పుడు లూర్దమ్మ చిన్న ముక్క కోసి, ఉప్పు కూడా వెయ్యకుండా పెనం మీద వేయించింది.

"నాలుక మీద పెట్టుకో. చెప్పు."

అదే మాట. పదకొండు నెలలుగా విన్న మాటే. సువార్త ఈసారి కళ్ళు మూసుకుని నమిలింది.

"పురుగుల మందు పోయింది. చేదు ఉంది. నాలుక చివర కాదు, వెనక."

"గొంతు కాడనా?"

"ఆఁ, మింగినాక."

"అయితే మజ్జిగ." కూలర్ లోంచి లబన్ సీసాలు తీసింది. అరబ్బుల మజ్జిగే అది, మన మజ్జిగకన్నా చిక్కన. ముక్కలు మునిగేదాకా పోసి, అల్లం దంచి కలిపింది.

"గరం మసాలా కూడా దట్టిద్దామా?"

"వద్దు. కంపు ఉండగా మసాలా వెయ్యడమంటే మురికి మీద ముగ్గెయ్యడం. ముందు మురికి పోవాల."

మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, సాయంత్రం ఒకసారి ముక్క వేయించి కోడలి నోట్లో పెట్టింది. శుక్రవారం పొద్దున మళ్ళీ పెట్టింది. సువార్త చాలాసేపు నమిలింది. చేదు పోయింది. కానీ అడుగున ఏదో మిగిలింది, ఎండిన గడ్డి తగిలినట్టు, వాన చినుకు పడ్డ దుమ్ము తగిలినట్టు. అది చెడ్డది కాదు. అది ఆ పిట్టది.

"ఇంకో గంట నాననిద్దామా?" లూర్దమ్మ అడిగింది.

"వద్దత్తా. తీసెయ్యి. ఇంకా నానిందంటే పిట్ట పోయి మజ్జిగ మిగులుద్ది."

లూర్దమ్మ ఒక్క క్షణం కోడలిని చూసింది. ముక్కలు తీసేసింది.

కాళ్ళు ముదురు కండ కాబట్టి ఒక పొంగు రానిచ్చి ఆ నీళ్ళు పారబోసింది. నల్లగా ఎండిన నిమ్మకాయలు రెండు పగలగొట్టి వేసి, సన్నటి సెగ మీద మూత పెట్టింది. ఉల్లిపాయలు నూనెలో పడ్డాయి. ఆవిడ గిన్నె వైపు చూడలేదు, చెవి ఒగ్గి వింటోంది. చిటపట సన్నగా తగ్గుతుండగానే పొయ్యి ఆపేసింది. సువార్త తొంగి చూస్తే ఉల్లిపాయలు తేనె రంగులో ఉన్నాయి, ఒక్క ముక్కా మాడలేదు.

"మాడబోయే ముందు చప్పుడు చిన్నదైపోద్ది," అంది లూర్దమ్మ, ఏదో చిన్న సంగతి చెప్పినట్టు. "అన్నం ఉడికిందా లేదా మూత మీద చెయ్యి పెడితే తెలుస్తది. జీలకర్ర రంగు చూసి వేయించుకుంటా."

సంవత్సరం నుంచి ఈ మనిషి ఇరవైమందికి మూడు పూటలా వండింది. చెవులతో, వేళ్ళతో, కళ్ళతో. ఒక్క గిన్నె తిరిగి రాలేదు. తను ఇన్నాళ్ళు నిలబడింది ఎవరి పక్కనో అప్పుడు తెలిసింది. చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది గానీ, చేతిలో గరిటె ఉంది. అవును, గరిటె. ఎప్పుడిచ్చిందో గమనించనే లేదు, అత్త పెద్ద గిన్నె గరిటె తన చేతిలో పెట్టి అన్నం వార్చడానికి పోయింది.

రెండు గంటలకు ఖాళీ పళ్ళెం తిరిగి వచ్చింది. దాని వెనకే కర్ర చప్పుడు. పెద్దబాబా మేడమ్ భుజం పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పద్ధెనిమిదేళ్ళలో ఆయన ఆ గుమ్మం తొక్కడం లూర్దమ్మ చూడలేదు. మాట ఇంకా ముద్దగానే వస్తోంది. మెల్లగా, అరబ్బీలో అన్నాడు.

"ఈ పిట్టను ఎవరు వండినా కడిగి కడిగి కోడిని చేసేస్తారు. ఇవాళ ఎడారి కొంచెం మిగిలింది. ఎక్కడ ఆపాలో ఆ నాలుకకు తెలుసు. లూర్దీ, నీ నాలుకకు నా సలాం."

మెచ్చుకోలు అందుకుని తల వంచేస్తే అయిపోయేది. సువార్త కూడా అదే జరుగుతుందని అనుకుంది. లూర్దమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆ తుడవడం మరీ ఎక్కువసేపు పట్టింది.

"ఆ నాలుక నాది కాదు బాబా," అంది తనకొచ్చిన అరబ్బీలో. "నా కోడలిది. నాకు సంవత్సరమైంది వాసన పోయి. వాసన మాఫీ, రుచి మాఫీ, రెండూ లేవు. మీకు చెప్పకుండా వండాను. తప్పు నాది."

సువార్త ముందుకు వచ్చింది. మేడమ్ ముఖం చూడటానికి ధైర్యం చాలలేదు. "పిట్టను కాల్చి చెడగొట్టింది నేను మేడమ్. పారేద్దామన్నది కూడా నేనే. బాగుచేసింది అత్త చేతులు. నేను ఉత్తగా తిని చెప్పాను."

మేడమ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పద్ధెనిమిదేళ్ళ కొలువు ఇప్పుడు ఒక్క మాట మీద ఉందని అక్కడ అందరికీ తెలుసు.

"నా పిల్లలు ఇన్నేళ్ళూ నీ చేతి అన్నం తిన్నారు," అంది మేడమ్. "నీ ముక్కు ఎవరూ తినలేదు. ఆదివారం డాక్టర్ దగ్గరికి దస్తగిరి తీసుకుపోతాడు. సంవత్సరం దాచావు, దానికి మాత్రం నాకు కోపం ఉంది." సువార్త వైపు తిరిగింది. "ఇక నుంచి ఇద్దరూ పొయ్యి దగ్గరే ఉండండి."

పెద్దబాబా నవ్వాడు. నవ్వు సగం మూతికే వచ్చింది, అయినా వచ్చింది. ఆయన మెల్లగా కర్ర ఆనించుకుంటూ వెళ్ళిపోయాడు.

ఫోన్ మోగింది. ప్రభుదాసు. మేడమ్‌తో ఏం మాట్లాడాలో ఇంకోసారి చెప్పమన్నాడు, బస్సులో అభ్యాసం చేసుకుంటాడట.

"ఏం మాట్లాడొద్దు. ఊరికే వచ్చి తిని పో," అంది సువార్త.

వాళ్ళకని తీసి పెట్టుకున్న వాటా చిన్న గిన్నెలో ఉంది. ఒక కాలు ముక్క, కొంచెం అన్నం. అత్తాకోడళ్ళు వంటింటి గచ్చు మీద ఎదురెదురుగా కూర్చున్నారు. సువార్త కండ వలిచి ముందు అత్త చేతిలో పెట్టింది. లూర్దమ్మ నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలింది. ఉప్పు తగిలింది. ఇంకేమీ తగల్లేదు. ఆవిడ నములుతూనే ఉంది, కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఎట్టా ఉందో చెప్పమ్మే," అంది.

సువార్త ఒక ముద్ద తీసుకుంది. తొందరపడి మింగలేదు.

"ముందు నిమ్మకాయ పులుపు తగిలింది, అత్తా. మన చింతకాయ పులుపు కాదు, కొంచెం పొగ ఉంది దాంట్లో. తరవాత ఉల్లిపాయ తీపి."

"ఆఁ."

"కండ మెత్తగా ఉంది, కానీ కోడంత మెత్తన కాదు. పీచు పీచుగా విడిపోతంది. అడుగున గడ్డి వాసన. మన గిద్దలూరు కాడ ఎండాకాలం మొదటి వాన పడ్డప్పుడు బీడు మీంచి వస్తదే, అట్టాంటిది."

లూర్దమ్మ కళ్ళు మూసుకుని నోట్లోది అటూ ఇటూ తిప్పింది.

"తెలుస్తందా అత్తా?"

"ఇంకా చెప్పు," అంది లూర్దమ్మ.